నవ్వమని బోర్డు పెడితే నవ్వు వస్తుందా?

ప్రశ్న: నేను ఒక పెద్ద ఆసుపత్రిలో ఓపీ రిజిస్ట్రేషన్ విభాగానికి ఈ మధ్యే ఇన్‌ఛార్జిగా బాధ్యత తీసుకున్నాను. అంతకు ముందు చాలా ఏళ్లు అదే విభాగంలో కౌంటర్‌లో పనిచేశాను. కొన్ని నెలల క్రితం హాలంతా బాగు చేయించారు. కొత్త కుర్చీలు, అద్దాల కౌంటర్లు, మొక్కలు, గోడలకు లేత రంగు. అయినా లోపలికి అడుగు పెడితే ఊపిరి బిగబట్టినట్టే ఉంటుంది. రోగుల వెంట వచ్చినవాళ్లు అరుస్తారు, మావాళ్లు తల ఎత్తకుండా జవాబు చెబుతారు. పొరపాటు జరిగితే సూపరింటెండెంట్ గారు హాల్లోనే, అందరి ముందే నిలదీస్తారు. ఫిర్యాదులు ఎక్కువయ్యాయని ‘చిరునవ్వుతో పలకరించండి’ అని కౌంటర్ల లోపల బోర్డు పెట్టించారు. మా సీనియర్ సహోద్యోగి ఒకరు రోజంతా విసుక్కుంటూనే ఉంటారు. ఆమెను వేరే విభాగానికి మార్పించమని అడగాలా? నేనేమో ఇంటికి వెళ్లి పిల్లల మీద అరుస్తున్నాను. ఒక చోటి వాతావరణాన్ని ఒక్క మనిషి మార్చగలరా, లేక ఇది నా చేతిలో లేదని ఊరుకోవాలా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం: కుర్చీలు, అద్దాలు, మొక్కలు, గోడల రంగు అంటూ ఒక్కొక్కటీ పేరుపేరునా రాశారు. అందరి ముందు నిలదీయడం గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం రాసి, వెంటనే బోర్డు సంగతిలోకి వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి చూడటం వల్ల అది మీకు మామూలైపోయి ఉంటుంది. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద విషయం అదేననిపించింది.

మీకు బాగా తెలిసిన ఉదయాన్నే ఒకసారి నెమ్మదిగా చూద్దాం. తొమ్మిదిన్నరకు సూపరింటెండెంట్ గారు ఒక కౌంటర్ దగ్గర ఆగుతారు. ఇద్దరు రోగుల కేస్ షీట్ల మీద ఒకే నంబరు పడింది. ‘కళ్లు ఎక్కడ పెట్టుకుని పనిచేస్తున్నారు?’ అని గట్టిగా అడిగి వెళ్లిపోతారు. కౌంటర్‌లోని ఆవిడ ఇక తల ఎత్తరు. అవమానం పడ్డ మనిషి ఎదుటివారి కళ్లలోకి చూడలేరు కదా. అంతలో ఒక ముసలావిడ అద్దానికున్న రంధ్రం దగ్గర వంగి, ఎముకల డాక్టరు గది ఎక్కడని అడుగుతుంది. ‘అక్కడ రాసి ఉంది, చూసుకోండి’ అన్న జవాబు వస్తుంది. ఆమెకు చదువు రాదు. వెనకాలే ఉన్న కొడుకు గొంతు పెంచుతాడు. సెక్యూరిటీ గార్డు వస్తాడు. వరుసలో ఉన్నవాళ్లంతా ఇది చూస్తారు, తమ వంతు వచ్చేసరికి పోట్లాటకు సిద్ధమై ఉంటారు. సాయంత్రం పెట్టెలో ఒక ఫిర్యాదు పడుతుంది: కౌంటర్ సిబ్బందికి మర్యాద లేదని. తొమ్మిదిన్నరకు జరిగింది మాత్రం ఆ కాగితంలో ఉండదు. అత్త మీద కోపం దుత్త మీద తీరడమంటే ఇదే. మీ హాల్లో దుత్త పని చేస్తున్నది, డబ్బు కట్టడానికో చీటీ తీసుకోవడానికో నిలబడ్డ రోగి.

భావాలు ఇలా ఒకరి నుంచి ఒకరికి పాకడం కొలిచి చూపిన విషయమే. అమెరికా పరిశోధకురాలు సిగాల్ బార్సాడ్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులను చిన్న బృందాలుగా కూర్చోబెట్టారు. బోనస్ సొమ్మును ఉద్యోగులకు పంచే కమిటీ సభ్యులుగా వాళ్లు చర్చించుకోవాలి. ప్రతి బృందంలోనూ శిక్షణ పొందిన నటుడొకరు విద్యార్థిలా కలిసిపోయాడు. కొన్ని బృందాల్లో ఉత్సాహంగా, కొన్నిట్లో ప్రశాంతంగా, కొన్నిట్లో చిరాగ్గా, మిగతావాటిలో నీరసంగా ప్రవర్తించాడు. అతని మనఃస్థితి మిగిలినవాళ్లకూ అంటుకుంది. అది ఆహ్లాదకరంగా ఉన్న బృందాల్లో గొడవలు తగ్గాయి, సహకారం పెరిగింది. పక్కన కూర్చున్న ఒక మామూలు సభ్యుడి తీరే ఇంత పని చేస్తే, జీతం, సెలవు, బదిలీ చేతిలో ఉన్న మనిషి ముఖం చిట్లిస్తే ఎంత దూరం పోతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇది కేవలం మనసు నొచ్చుకునే వ్యవహారమని ఎవరైనా కొట్టిపారేస్తే మరో సంగతి చెప్పండి. ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల ఐసీయూల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులతో 24 బృందాలు ఏర్పాటు చేసి, జబ్బు పడ్డ శిశువు స్థానంలో బొమ్మను పెట్టి చికిత్స అభ్యాసం చేయించారు. ఫలితాలు 2015లో వచ్చాయి. బయటి దేశం నుంచి వచ్చిన నిపుణుడు గమనిస్తున్నాడని వాళ్లకు చెప్పారు. కొన్ని బృందాలతో ఆ నిపుణుడు మామూలుగానే మాట్లాడాడు. మిగతావాటితో, ఈ దేశంలో వైద్యం స్థాయి తనకు నచ్చలేదన్నట్టు చులకనగా మాట్లాడాడు. తిట్టలేదు, అరవలేదు. ఆ చులకన మాటలు విన్న బృందాలు జబ్బును గుర్తించడంలోనూ, చికిత్స చేయడంలోనూ వెనకబడ్డాయి. ఒకరికొకరు సమాచారం చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గిపోయాయి. అంత నైపుణ్యం ఉన్నవాళ్ల చేతులే అలా తడబడితే, కౌంటర్‌లో గంటకు పదుల పేర్లు నమోదు చేసే మనిషి సంగతి చెప్పాలా? నిలదీసిన తర్వాతి అరగంటలో మరో తప్పుడు నంబరు పడిందంటే నాకేమీ ఆశ్చర్యం ఉండదు.

భయం ఉన్న చోట తప్పులు తగ్గవు, వాటి గురించి మాట్లాడటం తగ్గుతుంది. హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి నర్సింగ్ విభాగాల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని అనుకున్నారు. లెక్కల్లో తలకిందులుగా వచ్చింది: బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడివాళ్లు భయం లేకుండా బయటపెడుతున్నారు, మిగతా చోట్ల దాచేస్తున్నారు. కాబట్టి మీరు రాయని ఒక ప్రశ్న నేను అడుగుతాను, జవాబు నాకు కాదు, మీకు మీరే చెప్పుకోండి. పొరపాటు చేసిన మనిషి ముందుగా మీ దగ్గరికి వస్తున్నారా, లేక మీకూ తెలియకుండా సర్దేస్తున్నారా?

రెండోదే నిజమైతే, మీరు రేపటి నుంచే మార్చగలిగినది ఒకటుంది. నిన్నటిదాకా మీరు ఆ వరుసలో ఒకరు. ఇప్పుడు మీరు కుర్చీ జరిపిన శబ్దానికి కూడా పక్కవాళ్లు అర్థం వెతుకుతారు. పొరపాటు జరిగిందని ఎవరైనా చెప్పగానే మీ నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ‘ఎవరు చేశారు?’ అని ఉండకూడదు. ‘ఆ రోగి ఇప్పుడు ఎక్కడున్నారు?’ అని అడగండి. ముందు రోగిని, కాగితాన్ని సరిచేయండి. ఎలా జరిగిందన్నది ఆ తర్వాత, పక్కకు పిలిచి, మామూలు గొంతుతో అడగండి. కొన్ని వారాల్లో మీ దగ్గరికి వచ్చే పొరపాట్ల సంఖ్య పెరుగుతుంది. కంగారు పడకండి, అవి కొత్తవి కావు.

ఇక తల ఎత్తని మీ సిబ్బంది. వాళ్లను మర్యాద లేనివాళ్లని అనడం తేలిక. లండన్‌లోని ఒక బోధనాసుపత్రిలో నర్సుల పనితీరును పరిశీలించిన మనోవిశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్ 1960లో రాసింది చదివితే మరోలా అనిపిస్తుంది. అక్కడ రోగులను పేరుతో కాక పడక నంబరుతోనో, జబ్బు చేసిన అవయవంతోనో పిలిచేవారు. ఏ నర్సూ ఒకే రోగి దగ్గర ఎక్కువసేపు ఉండకుండా పనిని ముక్కలు ముక్కలుగా పంచేవారు. బాధ, చావు రోజూ కళ్లెదుట ఉండే చోట మనసుకు దెబ్బ తగలకుండా కట్టుకున్న గోడలవి. అయితే ఆ గోడల వల్ల ఆందోళన తగ్గలేదు. మనిషికి మేలు చేశామన్న తృప్తి మాత్రం నర్సులకు దక్కకుండా పోయింది. మీ కౌంటర్‌లో ‘పేరు? వయసు? పక్కకు జరగండి’ అన్న మూడు ముక్కలు కూడా అలాంటి గోడే. తెర మీంచి చూపు ఎత్తితే ఎదురుగా ఒక భయపడ్డ ముఖం ఉంటుంది. రోజుకు అన్ని వందల ముఖాలను ఎవరు మోయగలరు?

అందుకే ఆ బోర్డు నాకు నచ్చలేదు. అది గోడను అలాగే ఉంచి దాని మీద నవ్వు అతికించమంటోంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల గురించీ, బాకీలు వసూలు చేసే ఉద్యోగుల గురించీ రాశారు. ఒకరు జీతం కోసం నవ్వాలి, మరొకరు జీతం కోసం కటువుగా ఉండాలి. లోపల ఒకటి పెట్టుకుని ముఖం మీద మరొకటి చూపించడం కూడా శ్రమేననీ, అది మనిషిని అలసటకు గురిచేస్తుందనీ ఆమె చూపించారు. ఆదేశం మీద నవ్వేవాళ్ల నవ్వు చూసిన రోగికి కూడా ఆ తేడా తెలుస్తుంది. నన్నడిగితే, మీవాళ్లను నవ్వమని అడగకండి. ఒక్కసారి తల ఎత్తి మనిషిని చూడమని, చీటీ ఇచ్చేటప్పుడు తర్వాత ఎటు వెళ్లాలో ఒక్క మాట చెప్పమని అడగండి. ‘ఈ చీటీ తీసుకుని కుడివైపు నాలుగో గదికి వెళ్లండి, అక్కడ పేరు పిలుస్తారు.’ దీనికి నవ్వనక్కర్లేదు. ఒంట్లో బాగోలేని రోజు కూడా చెప్పవచ్చు.

పిల్లల మీద అరుపుల సంగతి కూడా ఇక్కడికే వస్తుంది. పగలంతా పై నుంచి వచ్చిన కోపాన్ని, ముందు నుంచి వచ్చిన అరుపులను మింగుతున్నారు. ఆ మింగినది అదుపు తప్పినా ఉద్యోగం పోని చోటు ఇల్లు ఒక్కటే. దీనికి ధ్యానం, శ్వాస అని చాలామంది చెబుతారు. చేయగలిగితే చేయండి, తప్పు లేదు. నాకు మాత్రం ఆసుపత్రిలోనే దాన్ని దించుకునే చోటు ఉండాలనిపిస్తుంది. రోగులకు కనిపించని, వినిపించని ఒక చిన్న గది, తలుపు వేసుకునే వీలు ఉంటే చాలు. కౌంటర్‌లో గొడవ జరిగిన మనిషిని వెంటనే తర్వాతి రోగి ముందు కూర్చోబెట్టకుండా పది నిమిషాలు అక్కడికి పంపండి, ఆ పది నిమిషాలు మీరు కౌంటర్‌లో కూర్చోండి. ఇన్‌ఛార్జి కౌంటర్‌లో కూర్చోవడం మీ హోదాకు తక్కువని ఎవరైనా అంటే అననివ్వండి. మీకూ అలాంటి పది నిమిషాలు కావాలి. ఇల్లు చేరే ముందు, ఆ రోజు జరిగింది ఆ గదిలోనే ఒక సహోద్యోగితో చెప్పుకుని బయలుదేరండి.

హాలు రూపం గురించి చెప్పలేదని అనుకోకండి. గదికి ప్రభావం ఉంటుంది, కాకపోతే రంగు వల్ల తక్కువ, అమరిక వల్ల ఎక్కువ. 1950లలో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక మానసిక వైద్యశాలలో వృద్ధ మహిళల వార్డును చక్కగా బాగు చేయించారు. మీ హాల్లాగే కొత్త సామాను, మంచి రంగులు. అయినా ఆ స్త్రీలు గోడ వెంబడి వరుసగా వేసిన కుర్చీల్లో పక్కపక్కనే కూర్చుని శూన్యంలోకి చూస్తూ ఉండేవారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సామర్ ఆ కుర్చీలను చిన్న బల్లల చుట్టూ వేయించారు. మొదట్లో రోగులు, సిబ్బంది కూడా వాటిని మళ్లీ గోడ వెంబడే సర్దేసేవారు. అలవాటు మరి, పైగా అలా ఉంటే నేల తుడవడం కూడా సులువు. కొన్ని వారాలు పట్టుబట్టి ఉంచాక వాళ్ల మధ్య మాటలు దాదాపు రెట్టింపయ్యాయి.

మీ హాల్లో కుర్చీలన్నీ కౌంటర్ల వైపే తిరిగి ఉన్నాయని నా ఊహ. ఎన్నో వందల కళ్లు పొద్దుటి నుంచి ఆ నాలుగైదు ముఖాలనే చూస్తూ ఉంటాయి. ఎవరు ఎన్నిసార్లు లేచారు, ఎవరు ఫోను చూశారు, ఎవరిని వరుస తప్పించి ముందు పంపారు, అన్నీ లెక్కలోకి వస్తాయి. సగం కుర్చీలను పక్కకు తిప్పించండి. అద్దానికి ఆ రంధ్రం ఇంకాస్త పైన, నిలబడ్డ మనిషి నోటి ఎత్తులో ఉండేలా చేయించండి. వంగి అడగాల్సి వచ్చిన మనిషి అప్పటికే సగం చిన్నబోయి ఉంటాడు, ఆ చిన్నతనాన్ని గొంతుతో పూడ్చుకుంటాడు.

అరుపుల్లో ఎక్కువ భాగం ఆలస్యం వల్ల కాదు, ఆలస్యం ఎందుకో తెలియకపోవడం వల్ల. వరుసలో ఎదురుచూసే మనిషి మనసు గురించి వ్యాపార నిర్వహణ నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసాన్ని సేవారంగంలో ఇప్పటికీ ప్రస్తావిస్తారు. ఎంతసేపో తెలియని నిరీక్షణ, కారణం చెప్పని నిరీక్షణ, అన్యాయమనిపించే నిరీక్షణ, ఆందోళనతో చేసే నిరీక్షణ గడియారం చూపించేదానికంటే పొడవుగా అనిపిస్తాయని ఆయన అన్నారు. ఆసుపత్రి వరుసలో ఈ నాలుగూ ఒకేసారి ఉంటాయి. అరగంటకొకసారి ఒకరు అద్దం వెనక నుంచి హాల్లోకి వచ్చి, ‘కంప్యూటర్ నెమ్మదిగా పనిచేస్తోంది, ఇప్పుడు 140వ టోకెన్ నడుస్తోంది, 200 తర్వాత ఉన్నవాళ్లకు గంట పైనే పట్టవచ్చు, ఈలోపు బయటికి వెళ్లి రావచ్చు’ అని చెప్పాలి. మైకులో కాదు, మనిషే వచ్చి చెప్పాలి. ఒకరిని ముందుకు పంపితే కారణం వినబడేలా చెప్పండి: ‘ఈయనకు ఆయాసంగా ఉంది, అందుకే.’ వరుసలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది మంచివాళ్లే. కారణం తెలిస్తే దారి ఇస్తారు.

ఇప్పుడు కష్టమైన పని. సూపరింటెండెంట్ గారితో మీరు మాట్లాడాలి. ఏదో గొడవ జరిగిన రోజు వద్దు, ఆయనకు తీరిక ఉన్న రోజు, ఒంటరిగా. వాతావరణం, ఒత్తిడి, గౌరవం లాంటి పెద్ద మాటలు వాడకండి. ఆయన చెవికి అవి ఫిర్యాదులా వినిపిస్తాయి. ఒకే ఒక్క కోరిక కోరండి. ‘సార్, పొరపాటు మీ కంట పడితే నన్ను పిలవండి. ఆ మనిషిని నేనే మీ గదికి తీసుకొస్తాను. హాల్లో అడిగిన రోజు ఆ కౌంటర్ దగ్గర మళ్లీ తప్పులు వస్తున్నాయి, రోగులతో గొడవలు అవుతున్నాయి. చూడండి, రాసి పెట్టాను.’ నిజంగానే రాసి పెట్టుకోండి: ఏ రోజు, ఏ సమయానికి, ఆ తర్వాత ఏమైంది. ఆయనకు పైవాళ్ల నుంచి ఎన్ని అక్షింతలు పడుతున్నాయో మనకు తెలియదు. కారణం ఏదైనా, హాల్లో నిలదీయడం వల్ల నష్టపోతున్నది ఆయన ఆసుపత్రే. ఆ మాట ఆయనకు మీ కాగితం చెబుతుంది.

ఒప్పుకోకపోతే? అప్పుడు మీ చేతిలో ఉన్నది తగ్గిపోతుంది. ఒక్క మనిషి మార్చగలరా అన్న మీ ప్రశ్నకు నా నిజాయితీ గల జవాబు: మీ కింద జరిగేది చాలావరకు మార్చగలరు, మీ పైన జరిగేది ఒంటరిగా మార్చలేరు. ఆయన కోపం ముందుగా మీ దగ్గర ఆగేలా కొంతకాలం అడ్డుగా నిలబడగలరు, కానీ ఏళ్ల తరబడి అలా నిలబడితే మీ ఆరోగ్యం పోతుంది. ఆ స్థితి వస్తే ఆ కాగితాన్నే, ఎవరి మీదా విశేషణాలు వాడకుండా, పై అధికారికి లిఖితపూర్వకంగా పంపండి. తోటి విభాగాల ఇన్‌ఛార్జిలు ఇద్దరు ముగ్గురు సంతకం చేస్తే మరీ మంచిది.

చివరగా మీ సీనియర్ సహోద్యోగి. బదిలీ అడగడానికి తొందరపడకండి. ఎవరెవరు ఎంతసేపు రోగులకు ఎదురుగా కూర్చుంటున్నారో ముందు లెక్క చూడండి. పని బాగా తెలిసినవాళ్లన్న పేరుతో రద్దీ కౌంటర్ ఏళ్లుగా ఆమెకే ఇస్తుంటారని నా అనుమానం. రెండు గంటలు కౌంటర్, తర్వాత ఒక గంట లోపల రికార్డుల పని అన్న పద్ధతి అందరికీ పెట్టండి. ఆమె ఒక్కరికే పెడితే శిక్షలా ఉంటుంది. ఒకసారి పక్కన కూర్చుని, ఈ పనిలో అన్నిటికంటే విసుగు తెప్పించేది ఏమిటో అడగండి. చాలా ఏళ్లుగా ఆమెను ఆ మాట ఎవరూ అడిగి ఉండరు, జవాబులో మీ విభాగం లోపాల జాబితా సగం దొరుకుతుంది. రెండు మూడు నెలలు చూశాక కూడా రోగులను కసురుకోవడం ఆగకపోతే అప్పుడు బదిలీ అడగండి. ‘స్వభావం బాగోలేదు’ అని కాకుండా, తేదీలు, జరిగిన సంఘటనలు రాసి, ఆ కాగితం ముందుగా ఆమెకు చూపించి మరీ అడగండి.